పేజ్‌మేకర్ కోసం పాత విండోస్: కొత్త సిస్టమ్ మీద నడిపించుకునే పద్ధతి

శ్రావణ మాసం ముహూర్తాలు పన్నెండు రోజులున్నాయనగా విజయనగరంలోని ఒక చిన్న ప్రెస్ యజమాని తన కంప్యూటర్ క్యాబినెట్‌ని తువ్వాలులో చుట్టి, స్కూటీ ముందు పెట్టుకుని మా షాపుకి తెచ్చారు. "బావూ, సిస్టమ్ పోనాది. శుభలేఖలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏటి సేస్తావో సెయ్యి" అన్నారు. మూత తీసి చూస్తే ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని నెత్తి మీద గోధుమరంగు మరక కారి ఎండిపోయింది. కోర్ టూ డ్యువో మెషీన్, విండోస్ ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్), అను అనే తెలుగు ఫాంట్లు. కొత్త సిస్టమ్ అప్పటికే కొనేశారు. తెలిసిన కుర్రాడొకడు అందులో ఎక్స్‌పీ ఎక్కించబోయి, రెండు రోజులు కుస్తీపట్టి, "ఇది అవ్వదు" అని వెళ్లిపోయాడట.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే, అవ్వదు. కానీ అవ్వనిది ఒక పద్ధతి మాత్రమే. గంటస్తంభం సందుల్లోని డీటీపీ షాపులైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ప్రెస్సులైనా, రైస్ మిల్లుల్లోని పాత లెక్కల ప్రోగ్రామైనా, గొడవ ఒకటే. పని చేసే సాఫ్ట్‌వేర్ పాతది, పోయిన మెషీన్ పాతది, బజార్లో దొరికేది మాత్రం కొత్తది. దీన్ని ఏ వరసలో సరిచేస్తానో రాస్తున్నాను. వరస ముఖ్యం. ముందు చేయాల్సింది వెనక చేస్తే డేటా పోతుంది.

కొత్త మదర్‌బోర్డు పాత విండోస్‌ని ఎందుకు రానివ్వదు

ఎక్స్‌పీ 2001లో వచ్చింది. అప్పటి హార్డ్ డిస్కులు వెడల్పాటి ఐడీఈ రిబ్బన్ కేబుల్‌తో నడిచేవి. ఇప్పటి బోర్డులు డిస్కుతో మాట్లాడే పద్ధతి వేరు, దాన్ని ఏహెచ్‌సీఐ అంటారు. దాని డ్రైవర్ ఎక్స్‌పీ సీడీలో లేదు. అందుకే సీడీ వేసి కూర్చుంటే 'డిస్కే లేదు' అంటుంది, లేదా చివర 7బీ అని ఉండే నీలం తెర పడేస్తుంది. ఒకప్పుడు బయాస్‌లో (విండోస్ మొదలవ్వకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఐడీఈ మోడ్ పెట్టుకుని గట్టెక్కేవాళ్లం. కొత్త బోర్డుల్లో ఆ మోడే తీసేశారు.

విండోస్ 7 వచ్చింది 2009లో. యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవర్ దాని డీవీడీలో లేదు. కొత్త బోర్డు మీద ఇన్‌స్టాల్ మొదలవుతుంది, భాష ఎంచుకోమని అడుగుతుంది, అక్కడ మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. దాన్ని దాటినా ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ కనిపించదు. అదీ దాటినా 'స్టార్టింగ్ విండోస్' దగ్గర బొమ్మ బిగుసుకుపోతుంది. విండోస్ 7కి తెర మీద బొమ్మ చూపించడానికి పాత తరహా బయాస్ సాయం కావాలి, ఆ సాయానికి బయాస్‌లో పేరు సీఎస్‌ఎం. 2020కల్లా దీన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. పైగా ఇంటెల్ 7వ తరం నుంచీ, ఏఎండీ రైజెన్ నుంచీ విండోస్ 10, ఆ పైవాటికే సపోర్ట్ అని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో తేల్చేసింది.

కాబట్టి ఎక్స్‌పీ అయితే కొత్త బోర్డు మీద నేరుగా ఎక్కించే ఆలోచన వదిలేయండి. విండోస్ 7 అయితే తప్పనిసరి అవసరం ఉంటేనే చూడండి, దాని సంగతి కింద చెప్తాను. మిగతా అందరికీ నా సలహా వర్చువల్ మెషీన్. కొత్త విండోస్ లోపల ఒక కిటికీలో పాత కంప్యూటర్ మొత్తం నడుస్తుంది. పాత విండోస్‌కి కనిపించేది కొత్త బోర్డు కాదు, వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసిన పాతకాలం బోర్డు వేషం.

దానికంటే ముందు ఒక పావుగంట ప్రయత్నం. పేజ్‌మేకర్ 7 లాంటి 32 బిట్ ప్రోగ్రాముల్లో కొన్ని విండోస్ 10, 11ల మీద నేరుగానే నడుస్తాయి. ఇన్‌స్టాల్ చేసి, ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ ఎస్‌పీ3 ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపే టిక్ పెట్టి చూడండి. నడిచి, ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్ కూడా సరిగ్గా వస్తే మీ పని అయిపోయింది. డాస్ కాలం నాటి లెక్కల ప్రోగ్రామ్ అయితే, డాస్ ప్రోగ్రాముల్ని కొత్త విండోస్‌లో నడిపే డాస్‌బాక్స్ చాలు, 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ప్రోగ్రాములు ఎలాగూ నడవవు. ఈ రెండూ కుదరనప్పుడే కింది పని.

ముందు డిస్కు, తర్వాతే ఏదైనా

పాత క్యాబినెట్ ఇంకా ఆన్ అవుతుంటే, ఆపేముందు ఒక పని చేయండి. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద ఇంటెల్ పేరుతో ఉన్నదాని డ్రైవర్‌ని 'స్టాండర్డ్ డ్యువల్ ఛానల్ పీసీఐ ఐడీఈ కంట్రోలర్'గా మార్చండి. రీస్టార్ట్ అడుగుతుంది, వద్దని చెప్పి షట్‌డౌన్ చేయండి. ఈ రెండు నిమిషాల పని తర్వాత ఒక పూట పని తప్పిస్తుంది. మా ప్రెస్ ఆయన మెషీన్‌కి ఆ అదృష్టం లేదు, బోర్డు పూర్తిగా చచ్చిపోయింది.

డిస్కు బయటికి తీయండి. కొత్త సిస్టమ్‌కి తగిలించడానికి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కావాలి. 3.5 అంగుళాల పెద్ద డిస్కుకి కరెంటు యూఎస్‌బీ నుంచి చాలదు, అడాప్టర్‌తో వచ్చే కేబులే కొనండి. వెడల్పు రిబ్బన్ తరహా డిస్కయితే ఐడీఈ, సాటా రెండూ ఉన్న కేబుల్ అడగాలి.

తగిలించగానే కొత్త విండోస్ ఏదో ఒకటి అడుగుతుంది. 'ఫార్మాట్ చేయాలా' అంటే వద్దు. 'ఎర్రర్లున్నాయి, సరిచేయాలా' అన్నా వద్దు. కాపీ తీసేవరకూ ఆ డిస్కు మీద ఒక్క అక్షరం రాయకూడదు. టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. అది మన చేతిలో పని కాదు, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి పంపాలి.

చప్పుడు లేకపోతే ముందు మ్యాటర్ ఫైళ్లు కాపీ కొట్టుకోండి. పేజ్‌మేకర్ 7వి పేరు చివర పీఎండీ, 6.5వి పీ65 అని ఉంటాయి. డీ డ్రైవ్, డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ మూడూ చూడాలి. ముఖ్యమైన ఫైళ్లు డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

తర్వాత డిస్కు మొత్తానికీ ఒక ఇమేజ్, అంటే ఒకే ఫైలుగా పూర్తి నకలు, తీయాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పేజీలో డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. తెరిస్తే డ్రైవ్‌ల జాబితా వస్తుంది. కొత్త సిస్టమ్ డ్రైవ్‌ల టిక్కులు తీసేసి, పాత డిస్కు భాగాలన్నిటికీ టిక్ పెట్టండి. పైన 'వీహెచ్‌డీఎక్స్ వాడు' అనే టిక్ ముందే పెట్టి ఉంటుంది, దాన్ని తీసేయండి. ఆ రకం ఫైలును వర్చువల్‌బాక్స్ చదువుతుందే కానీ అందులో రాయలేదు. ఫైలును కొత్త సిస్టమ్‌లోని ఎస్ఎస్‌డీ మీదకి తీయండి. 80 జీబీ డిస్కులో 30 జీబీ వాడి ఉంటే ఫైలు కూడా ఇంచుమించు అంతే వస్తుంది. అయ్యాక పాత డిస్కు విప్పి, కవర్లో పెట్టి, మీద తేదీ రాసి దాచండి.

వర్చువల్ మెషీన్ కట్టడం

కొత్త సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే కింద 'వర్చువలైజేషన్' అని కనిపిస్తుంది. ఎనేబుల్డ్ అని ఉంటే సరే. లేకపోతే బయాస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే 'వర్చువలైజేషన్ టెక్నాలజీ', ఏఎండీ అయితే 'ఎస్‌వీఎం మోడ్' ఆన్ చేయాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే చాలు.

వర్చువల్‌బాక్స్ ఎక్కించి 'న్యూ' నొక్కండి. పేరేదైనా పెట్టుకోండి, రకం మాత్రం విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ ఎంచుకోవాలి. మెమరీ 1024 ఎంబీ. ఎక్స్‌పీకి అంతకంటే ఎక్కువ పెట్టి లాభం లేదు. హార్డ్ డిస్క్ అడిగినప్పుడు కొత్తది చేయకుండా 'ఉన్న ఫైలు వాడు' అని చెప్పి మనం తీసిన వీహెచ్‌డీ చూపించండి. స్టార్ట్ నొక్కేముందు సెట్టింగ్స్‌లో మూడు చూడాలి.

స్టోరేజ్‌లో ఆ డిస్కు ఐడీఈ కంట్రోలర్ కింద ఉందా, సాటా కింద ఉందా? సాటా కింద ఉంటే తీసి ఐడీఈ కింద పెట్టండి. సిస్టమ్‌లో, పాతది రెండు కోర్ల ప్రాసెసర్ అయితే 'ఐఓ ఏపీఐసీ' టిక్ పెట్టండి, లేకపోతే నల్ల తెర మీదే ఆగిపోవచ్చు. నెట్‌వర్క్‌లో అడాప్టర్ టిక్ తీసేయండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు స్టార్ట్. డ్రైవర్ ముందే మార్చిన వాళ్లకి ఎక్స్‌పీ తెరుచుకుంటుంది, కొత్త హార్డ్‌వేర్ దొరికిందంటూ కాసేపు హడావిడి చేస్తుంది. మాకు మాత్రం 7బీ నీలం తెర పడింది. ప్రెస్ ఆయన వెనక స్టూల్ మీద కూర్చుని ఉన్నారు, నీలం తెర చూడగానే లేచి నిలబడ్డారు. దీనికి మందు రిపేర్ ఇన్‌స్టాల్. ఎక్స్‌పీ ఎస్‌పీ3 సీడీ ఇమేజ్‌ని వర్చువల్ సీడీ డ్రైవ్‌లో పెట్టి అక్కడి నుంచి బూట్ చేయాలి. మొదటి తెరలో 'రిపేర్‌కి ఆర్' అంటుంది, అది నొక్కకూడదు, ఎంటర్ కొట్టాలి. ఎఫ్8తో ఒప్పందం దాటాక 'ఇక్కడ ఒక విండోస్ ఉంది, రిపేర్ చేయాలా' అని రెండోసారి అడుగుతుంది. అక్కడ ఆర్ నొక్కాలి. ఆ రెండో ప్రశ్న రాకపోతే ముందుకి వెళ్లకండి, అది కొత్తగా ఎక్కించే దారి. రిపేర్‌లో ప్రోగ్రాములు, ఫాంట్లు, ఫైళ్లు అలాగే ఉంటాయి, ప్రోడక్ట్ కీ మాత్రం మళ్లీ అడుగుతుంది.

కీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. క్యాబినెట్ మీద స్టిక్కర్‌తో వచ్చిన బ్రాండెడ్ లైసెన్సు ఆ మెషీన్‌కే చెల్లుతుంది. విడిగా బాక్సులో కొన్న సీడీ లైసెన్సయితే మార్చుకోవచ్చు. సీడీ, కీ అట్టపెట్టెలో ఎక్కడో ఉంటాయి, వెతకండి.

తెరుచుకున్నాక 'డివైసెస్' మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టే వరస ఉంటుంది. అది ఇన్‌స్టాల్ చేస్తే తెర పూర్తి సైజుకి వస్తుంది, మౌస్ లోపలికీ బయటికీ తేలిగ్గా తిరుగుతుంది, షేర్డ్ ఫోల్డర్లు పనిచేస్తాయి. సెట్టింగ్స్‌లో షేర్డ్ ఫోల్డర్స్‌కి వెళ్లి బయటి విండోస్‌లోని ఒక ఫోల్డర్ చూపించి ఆటోమౌంట్ పెట్టండి. ఎక్స్‌పీ మై కంప్యూటర్‌లో అది కొత్త డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఇక మీదట రాకపోకలన్నీ ఆ ఫోల్డర్ గుండానే. దీనికి నెట్‌వర్క్ అక్కర్లేదు.

అంతా సరిగ్గా ఉండి కూడా నత్తలా నడుస్తుంటే వర్చువల్‌బాక్స్ కిటికీ కింది మూల చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉంటే, విండోస్ తన సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వీని మధ్యలో పెట్టిందని అర్థం. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద 'మెమరీ ఇంటిగ్రిటీ' ఆఫ్ చేసి, విండోస్ ఫీచర్లలో హైపర్-వీ టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆఫ్ చేయడం వల్ల బయటి విండోస్‌కి ఒక రక్షణ తగ్గుతుంది, కాబట్టి తాబేలుతో పని నడిచిపోతుంటే దాన్ని అలాగే వదిలేయడం మంచిది.

ప్రింటరు, డాంగిల్: అసలు తలనొప్పి ఇక్కడే

కొత్త లేజర్ ప్రింటర్లకి ఎక్స్‌పీ డ్రైవర్ రాదు. వెతికి టైమ్ పాడుచేసుకోకండి. ఎక్స్‌పీలో ఒక పీడీఎఫ్ ప్రింటర్ పెట్టుకుని, పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్‌గా షేర్డ్ ఫోల్డర్‌లోకి తీసి, ప్రింటు బయటి విండోస్ నుంచి ఇవ్వండి. వాట్సాప్‌లో పార్టీకి ప్రూఫ్ పంపడానికీ అదే ఫైలు పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. అను ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లలో, వాట్సాప్‌లో వాడే తెలుగు పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. పీడీఎఫ్‌లో ఫాంట్ కలిసి రాకపోతే, ఎక్స్‌పీలో 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అని చక్కగా కనిపించిన వరస బయట తెరిచేసరికి పిచ్చి ఇంగ్లీషు గుర్తుల గుంపైపోతుంది. మాకు మొదటి పీడీఎఫ్ అలాగే వచ్చింది. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "ఇదేటిది బావూ, పెళ్లికొడుకు పేరు ఎక్కడ?" అన్నారు. పీడీఎఫ్ ప్రింటర్ సెట్టింగ్స్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ చేయమని (ఫైల్లోనే కలపమని) పెట్టి మళ్లీ తీస్తే సరిపోయింది. ప్రెస్సుకి పంపేముందు అను ఫాంట్లు లేని మెషీన్‌లో, కనీసం మీ ఫోన్‌లో, ఒకసారి తెరిచి చూసుకోండి.

దీనికి తిరగబడ్డ ఇబ్బంది ఒకటుంది. ఈ రోజుల్లో పార్టీలు మ్యాటర్ వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో పంపుతారు. దాన్ని పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి. ముందు బయటి విండోస్‌లో యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ ఫలితాన్ని లోపలికి తీసుకెళ్లాలి. ఒత్తులు, రావత్తులు ఒకసారి చదివి చూసుకోవాలి, కన్వర్టర్లు అక్కడే తప్పుతాయి.

డాంగిల్ తాళం (కంప్యూటర్‌కి తగిలించి ఉంటేనే ప్రోగ్రామ్ నడిచే చిన్న ముక్క) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే, యూఎస్‌బీ డాంగిల్‌తో పెద్ద గొడవ లేదు. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీకి వెళ్లి ఆ డాంగిల్‌కి ఫిల్టర్ పెడితే, మెషీన్ స్టార్ట్ అయినప్పుడల్లా అది లోపలికి వెళ్లిపోతుంది. కంట్రోలర్ యూఎస్‌బీ 2 ఎంచుకోండి, ఎక్స్‌పీకి 3 తెలీదు. ప్రింటర్ పోర్టుకి బిగించే పాత వెడల్పు డాంగిల్ అయితే కష్టం. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే వైర్లు ప్రింటర్‌కి పనికొస్తాయి కానీ డాంగిల్‌కి పనికిరావు. అమ్మినవాళ్లని అడిగి యూఎస్‌బీ తాళం మార్పించుకోవాలి. అది కుదరకపోతే కింది దారి పట్టాలి.

నిజంగా బోర్డు మీదే ఎక్కించాల్సి వస్తే

ప్యారలల్ డాంగిల్, పాత పీసీఐ కార్డుతో నడిచే మెషీన్, సిరిమాను పండగ ముందు రాత్రింబవళ్లు తిరిగే ఫ్లెక్సీ షాపులో పాత ప్రింటర్ కార్డు. ఇలాంటివి వర్చువల్ మెషీన్‌కి లొంగవు. అప్పుడు నేను చెప్పేది ఒకటే: కొత్త తరం బోర్డు కొనకండి. ఎక్స్‌పీ కావాలంటే హెచ్61 చిప్‌సెట్ బోర్డు, 2వ లేదా 3వ తరం ప్రాసెసర్ చూడండి. విండోస్ 7 కావాలంటే 4వ తరం నుంచి 6వ తరం దాకా ఏదైనా చాలు (6వ తరానికి కింద చెప్పే యూఎస్‌బీ 3 డ్రైవర్ కలపాలి), ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు బాగానే దొరుకుతాయి. కొనేముందు వెనక ప్యారలల్ పోర్టు, లోపల పీసీఐ స్లాటు ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోండి.

ఇప్పటికే 7వ తరం, ఆ పైది కొనేసిన వాళ్లు విండోస్ 7కి ఈ వరసలో వెళ్లాలి. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి సీఎస్‌ఎం ఆన్ చేయండి. సీఎస్‌ఎం అనే మాటే బయాస్‌లో లేకపోతే ఇక్కడితో ఆపేయండి. విండోస్‌కి ఎన్‌వీఎంఈ కాకుండా 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వాడండి, ఒక చిక్కు పూర్తిగా పోతుంది. పెన్‌డ్రైవ్‌ని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఎంబీఆర్, బయాస్ పద్ధతిలో తయారుచేయండి.

దానికి ముందే యూఎస్‌బీ 3 డ్రైవర్ విండోస్ 7 ఇన్‌స్టాల్ ఇమేజ్‌లో కలపాలి. ఎన్‌టీలైట్ అనే ప్రోగ్రామ్‌తో చేయొచ్చు, కొన్ని బోర్డు కంపెనీలు ఇందుకోసమే చిన్న టూల్ ఇచ్చాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: డ్రైవర్‌ని ఇన్‌స్టాల్ డాట్ విమ్ ఫైల్లో మాత్రమే కలుపుతారు. ఇన్‌స్టాల్ తెర నడిచేది బూట్ డాట్ విమ్ నుంచి. రెండిట్లోనూ కలిపితేనే మౌస్ కదులుతుంది. బోర్డుకి గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటే పాత కీబోర్డు ఒకటి దగ్గర పెట్టుకోండి, అన్నీ ఎదురు తిరిగినప్పుడు అదొక్కటే పలుకుతుంది. నెట్ డ్రైవర్ ముందే ఎస్ఎస్‌డీలో ఒక ఫోల్డర్‌లో వేసుకోండి. లేకపోతే డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో ఉండి, యూఎస్‌బీ పోర్టే పనిచేయక, గోడ అవతల గేదెను చూస్తూ పాలకోసం కూర్చున్నట్టు అవుతుంది. ఎక్కాక కేబీ4490628, కేబీ4474419 అనే రెండు అప్‌డేట్లు ముందు వేయండి. 2019 తర్వాతి అప్‌డేట్ల సంతకాన్ని విండోస్ 7 నమ్మాలంటే అవి ఉండాలి.

నెట్ ఎందుకు తీసేయమన్నాను

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో ఆగిపోయింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఫైళ్లకి తాళాలేసి డబ్బులడిగింది. అది మనిషి క్లిక్ కోసం చూడలేదు, నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి తనంతట తానే పాకింది. మెయిల్, వాట్సాప్, కన్వర్టర్ అన్నీ బయటి విండోస్‌లో చూసుకోండి. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్ కూడా బయటే పెట్టి, స్కాన్ చేసి, కావలసిన ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో వేయండి. పెన్‌డ్రైవ్‌ని నేరుగా ఎక్స్‌పీలోకి పంపకండి.

ఇక బ్యాకప్

వర్చువల్ మెషీన్‌తో నాకు నచ్చేది ఇదే. ఇరవయ్యేళ్ల కంప్యూటర్ ఇప్పుడు ఒక ఫైలు. ఎక్స్‌పీని లోపలి నుంచి పూర్తిగా షట్‌డౌన్ చేసి, 'ఫైల్' మెనూలో 'ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్' నొక్కి బయటి హార్డ్ డిస్క్ మీదకి తీయండి. వర్చువల్‌బాక్స్‌లోనే ఒక క్షణం స్థితిని దాచే స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోకండి, అది అదే డిస్కులో ఉంటుంది. యూపీఎస్ లేకుండా నడపకండి. ఎక్స్‌పీ నడుస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్క ఫైలు పాడవ్వచ్చు, దాంతో మొత్తం పోతుంది.

బ్యాకప్ డిస్కు షాపులో ఉంచకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని షట్టర్లలోకి నీళ్లు వచ్చాయో ఆ వైపు వాళ్లకి గుర్తే. తీసిన ఫైలును ఇంకో సిస్టమ్‌లో ఇంపోర్ట్ చేసి, పేజ్‌మేకర్ తెరిచి, ఒక పాత కార్డు ఓపెన్ అవుతోందో లేదో చూడండి. మా ప్రెస్ ఆయనది మా షాపు ల్యాప్‌టాప్‌లో తెరిచాం. ఆయన 2009లో చేసిన తన కూతురి పెళ్లి కార్డు వెతికి తీయించారు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పుంది. అది అప్పటి నుంచీ ఉన్న తప్పేనట.